370జెడ్‌తో డ్రిఫ్టింగ్: దాన్ని దాని మానాన వదిలేయండి

3.7 లీటర్ల వీ6, 320కి పైగా హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్, పవరంతా వెనక చక్రాలకే. ఇంత ఉన్న నిస్సాన్ 370జెడ్‌కి ఇంకా టర్బో పెట్టిద్దాం, హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ పెట్టిద్దాం అని మా బావకు సలహాలిచ్చేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, ఇంజిన్ మీద చెయ్యి వేయనివ్వలేదు, అదే మంచిదైంది.

మేం డ్రిఫ్టింగ్ (వెనక చక్రాలు జారేలా చేసి కారుని పక్కకు నడపడం) చేసేది మిర్యాలగూడ దగ్గర తెలిసినవాళ్ల రైస్ మిల్లులో. డ్రయ్యర్లు వచ్చాక పాత సిమెంటు ప్లాట్‌ఫాం మీద వడ్లు ఆరబోయడం తగ్గింది, కాబట్టి ఓనర్‌ని అడిగితే ఒప్పుకున్నాడు. ట్యాంకర్‌తో నీళ్లు కొట్టించి, వీడీసీ (కారు జారకుండా ఆపే కంట్రోల్) బటన్ నొక్కి ఆఫ్ చేసి, సెకండ్ గేర్లో స్టీరింగ్ తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే చాలు, వెనకభాగం మెల్లగా పక్కకు వచ్చేస్తుంది, స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకోకుండా చేతుల్లో జారనిస్తే అదే ఎదురు తిరుగుతుంది. తడి నేల మీద స్పీడ్ తక్కువ, టైరు అరుగుదల తక్కువ, క్లచ్ కిక్ (క్లచ్‌ని ఒక్కసారిగా తొక్కి వదలడం) అవసరమే రాదు. ఈ కారుకి క్లచ్ స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, పోయిందంటే గేర్‌బాక్స్ మొత్తం దించాల్సిందే, అందుకే క్లచ్‌తో ఆటలు వద్దు. విస్కస్ ఎల్‌ఎస్‌డీ (ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా రెండు వెనక చక్రాలకూ పవర్ పంచే డిఫరెన్షియల్) వేడెక్కాక కొంచెం మెత్తబడుతుంది, లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది. సరదాకి అది చాలు, రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌కి వెల్డింగ్ చేయిస్తే రోడ్డు మీద ప్రతి మలుపులో టైరు ఈడ్చుకుంటూ పోవాలి.

అసలు తలనొప్పి వేడి. ఈ ఇంజిన్ ఆయిల్ త్వరగా కాగుతుందని 370జెడ్ నడిపేవాళ్లందరికీ తెలుసు, మొదట్లో వచ్చిన కార్లకు ఆయిల్ కూలర్ కూడా లేదు. ఇక నల్లగొండ మే నెల ఎండలో చెప్పేదేముంది? డబ్బు పెట్టాలంటే కూలర్‌కి, మంచి ఆయిల్‌కి, బ్రేక్ ఫ్లూయిడ్‌కి పెట్టండి. మేం పొద్దున్నే మొదలుపెడతాం, డయల్‌లో ఆయిల్ ముల్లు 120 డిగ్రీలు దాటితే ఆపేసి, బానెట్ ఎత్తి, టీ తాగుతాం. రేడియేటర్లో మాత్రం మన బోరు నీళ్లు పోయకండి, ఫ్లోరైడ్ సంగతి పక్కనపెట్టినా ఆ ఉప్పు పేరుకుని లోపల గొట్టాలు పూడుకుపోతాయి. కూలెంటే పోయాలి.

టైర్ల దగ్గర బావ తెలివి నచ్చింది. 19 అంగుళాల చక్రాలకు వెనక 275/35 సైజు కావాలి, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆయన 18 అంగుళాల సెట్ వేసి 245/45 ఎక్కించాడు, పెద్ద జర్మన్ సెడాన్లకూ అదే సైజు కాబట్టి హైదరాబాద్‌లో సులువుగా దొరుకుతాయి. అలైన్‌మెంట్ చేయించాడు, అంతే. సస్పెన్షన్ దించలేదు, దించితే మిల్లు దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట గీసుకుపోతుంది (దించకపోయినా ఒకచోట గీసుకుంటుంది, అక్కడ అందరం దిగుతాం).

వెనక అద్దం చిన్నది, రివర్స్ చేసేటప్పుడు ఏమీ కనపడదు. పెట్రోల్ సంగతి అడక్కండి. అద్దంకి హైవే మీద మాత్రం ఈ పనులు చేయకండి, మిల్లు గేటు లోపలే.

అమ్ముతారా అని మెసేజ్‌లు పెడుతున్నారు, బావ అమ్మడు.