సబర్బన్ ఎస్‌డబ్ల్యూ6డీఈ: గట్టి గీజరే, ఆనోడ్ రాడ్ సంగతి చూసుకునేవాళ్లకు

అమెరికాలో మోటార్‌హోమ్ కొన్నా, అద్దెకు తీసుకున్నా బండి పక్కన చిన్న రేకు తలుపు వెనక తరచుగా కనిపించే గీజర్ ఇది. ట్యాంకు ఆరు గ్యాలన్లు, అంటే 22 లీటర్ల పైచిలుకు. ప్రొపేన్ గ్యాస్ మీద గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), కరెంటు మీద 1440 వాట్లు. చన్నీళ్లు కాగడానికి గ్యాస్ మీద దాదాపు అరగంట, కరెంటు మీద గంట వేసుకోవాలి. రెండూ కలిపి వేస్తే ఇంకా త్వరగా కాగుతాయి. నలుగురు వరసగా షవర్ కింద నిలబడితే మూడోవాళ్లకి చన్నీళ్లే. బకెట్టు, చెంబుతో అయితే అందరికీ సరిపోతాయి.

దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ “నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి” అనేదే. చాలాసార్లు తప్పు గీజరుది కాదు. చలికాలానికి ముందు నీళ్లు తీసేసినప్పుడు బైపాస్ (నీళ్లు గీజరులోకి వెళ్లకుండా పక్కదారి పట్టించే పైపు) వాల్వులు తిప్పి, మళ్లీ మార్చడం మరచిపోతారు. మూడు వాల్వుల బైపాస్‌లో లోపలికి వెళ్లేది, బయటికి వచ్చేది తెరిచి, మధ్యది మూసి ఉండాలి. అదీ సరిగ్గానే ఉంటే బండి బయటి షవర్ చూడండి. దాని రెండు కుళాయిలూ తెరిచే ఉంచి, చేతి షవర్ బటన్ మాత్రం ఆపి ఉంటే చన్నీళ్లు వేడి పైపులోకి కలిసిపోతుంటాయి. తేల్చుకోవడం తేలికే: పంపు వేసి ఉంచి, గీజరులోకి వెళ్లే వాల్వునూ బైపాస్‌నూ మూసి, వేడినీళ్ల కుళాయి తిప్పండి. ధార ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో చన్నీళ్లు కలుస్తున్నట్టే.

గ్యాస్ అంటుకోక ఎర్ర లైటు వెలిగితే ముందు స్టవ్ వెలిగించి చూడండి. సిలిండర్ మార్చాక పైపులో గాలి ఉంటుంది, స్టవ్ కాసేపు మండితే పోతుంది. సిలిండర్ వాల్వును ఒక్కసారిగా తిప్పితే లోపలి రక్షణ ఏర్పాటు గ్యాస్‌ను బిగబట్టేస్తుంది. మూసి, మళ్లీ మెల్లగా తెరవాలి. టిక్‌టిక్‌మని స్పార్క్ వస్తున్నా మంట రాకపోతే బర్నర్ గొట్టంలో సాలెగూడో, కందిరీగల మట్టిగూడో ఉండొచ్చు. గ్యాస్ కట్టేసి సన్నటి బ్రష్‌తో తీసేయాలి. స్పార్క్ ఇచ్చే కడ్డీ, అంటే ఎలక్ట్రోడ్ కొస దగ్గర ఖాళీ అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్లు ఉండాలి. మంట వచ్చి కొన్ని సెకన్లలో ఆరిపోతుంటే ఎలక్ట్రోడ్ కొస మంటలో లేదనో, ఎర్త్ తీగ తుప్పు పట్టిందనో అనుమానించండి. బ్యాటరీ దిగిపోయినా ఇదే వరస, ఎందుకంటే గీజరును నడిపే సర్క్యూట్ బోర్డు 12 వోల్టుల మీద నడుస్తుంది.

థర్మోస్టాట్ 130 ఫారన్‌హీట్ దగ్గర ఆపుతుంది, 180 దాటితే కటాఫ్ పడుతుంది. రబ్బరు మూత కింద రెండు రీసెట్ బటన్లున్నాయి, ఒకటి గ్యాస్‌కి, ఒకటి కరెంటుకి. నీళ్లు చల్లారాక నొక్కాలి. మాటిమాటికీ పడుతుంటే బటన్ నొక్కుతూ కూర్చోకుండా థర్మోస్టాట్ మార్చేయండి.

మార్కులు తగ్గించాల్సింది కరెంటు వైపు. లోపలి స్విచ్ కాక బయట తలుపు వెనక కింది మూలన ఇంకోటి ఉంది. రెండూ వేస్తేనే పని చేస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు వేస్తే ఎలిమెంటు కాలిపోతుంది. అందుకే వేడి కుళాయిలో గాలి పోయి నిండు ధార వచ్చేదాకా స్విచ్ జోలికి వెళ్లొద్దు. ఎలిమెంటు బతికుందో లేదో తెలియాలంటే మెయిన్ కట్టేసి, తీగలు విప్పి మీటరు పెట్టండి: పది ఓంల దగ్గర చూపించాలి. ఇది 12 ఆంపియర్లు లాగుతుంది. 30 ఆంపియర్ల కరెంటు ఉన్న క్యాంప్ సైట్‌లో ఏసీ, మైక్రోవేవ్ కూడా వేస్తే బ్రేకర్ పడుతుంది.

ఇక ఆనోడ్ రాడ్. ట్యాంకు ఉక్కుది, లోపల పింగాణీ పూత. పూత చిట్లిన చోట ఉక్కు బదులు తాను కరిగిపోయేందుకే ఆ మెగ్నీషియం కడ్డీ. ఏడాదికోసారి తీసి చూడాలి. గ్యాస్, కరెంటు, పంపు కట్టేసి, నీళ్లు పూర్తిగా చల్లారాక వేడి కుళాయి తెరిచి ఒత్తిడి వదిలించండి. అప్పుడు 1-1/16 అంగుళాల సాకెట్ పెట్టండి. ఒత్తిడి ఉండగా విప్పితే కడ్డీతో పాటు నీళ్లు ముఖాన కొడతాయి. ముప్పాతిక వంతు కరిగి, గరుకు తీగలా మిగిలితే మార్చేయాలి. అడుగున పేరుకున్న తెల్లటి గారను సన్నటి ధారతో కడిగి, కొత్తదాని మరలకు టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించండి. వేడినీళ్లకి మాత్రమే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే, నీళ్లలోని బ్యాక్టీరియాకూ మెగ్నీషియానికీ జత కుదిరిందన్నమాట. క్లోరిన్ నీళ్లతో ట్యాంకు కడిగి, అల్యూమినియం-జింక్ కడ్డీ వేస్తే పోతుంది.

ఈ పని మన వల్ల కాదనుకునేవాళ్లు ఇది కొనొద్దు. డొమెటిక్ (పాత అట్‌వుడ్) ట్యాంకు అల్యూమినియంది, దానికి ఆనోడ్ అక్కర్లేదు, ప్లాస్టిక్ ప్లగ్ చాలు.

కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు కారితే కంగారు వద్దు. ట్యాంకు పైభాగంలో ఉండాల్సిన గాలి పోయింది, అంతే. అన్నీ ఆపి, చల్లారాక, వేడి కుళాయి తెరిచి, వాల్వు పిడి ఎత్తి నీళ్లు ఆగేదాకా వదిలి, టక్కున మూసేయండి. అయినా కారితే 150 పీఎస్‌ఐ, 210 ఫారన్‌హీట్ అని రాసున్న వాల్వే కొని మార్చాలి. ఆ రంధ్రానికి ప్లగ్ మాత్రం బిగించకూడదు.