ఉందానగర్ స్టేషన్: రోజూ ఎక్కి దిగేవాళ్ల లెక్కలో

షంషాబాద్‌లో ఉండేవాళ్లకు, షాద్‌నగర్, జడ్చర్ల దిక్కు నుంచి సిటీకి పనికి పోయేవాళ్లకు ఉందానగర్ బాగా పనికొచ్చే స్టేషన్. అయితే పోతే ఏదో ఒక బండి దొరుకుతుందిలే అనుకుని వెళ్లే చోటు మాత్రం కాదు. సిటీ లోపల తిరిగినన్ని రైళ్లు ఈ కొసకు రావు. ఎక్కే బండి, తిరిగొచ్చే బండి రెండూ ముందే చూసుకుని కదిలేవాళ్లకే ఇది కలిసొస్తుంది.

సిటీ లోకల్ రైళ్లు, అంటే ఎంఎంటీఎస్, 2003లో మొదలైనా చాలా ఏళ్లు ఇటువైపు ఫలక్‌నుమాతోనే ఆగిపోయేది. రెండో దశలో ఆ మిగతా 14 కిలోమీటర్లు రెండో లైను, కరెంటు తీగ వేశాక ఇక్కడిదాకా వస్తోంది. అయినా ఇప్పటికీ కొన్ని బండ్లు ఫలక్‌నుమాలోనే ఆగుతాయి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. లింగంపల్లిలోనో బేగంపేటలోనో ఎక్కేటప్పుడు బోర్డు మీద ఉందానగర్ అని చూసుకోకపోతే ఫలక్‌నుమాలో దిగి, ఆరాంఘర్ మీదుగా బస్సులూ ఆటోలూ మారాల్సి వస్తుంది.

ఎంఎంటీఎస్‌కు ఇది కొస స్టేషన్ కాబట్టి వచ్చిన బండే తిరిగి పోతుంది. బండికి రెండు కొసలా డ్రైవరు క్యాబిన్లు ఉంటాయి గనుక ఇంజన్ మార్చే పని లేదు. డ్రైవరు, గార్డు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు నడిచి వస్తారు. బ్రేకు పరీక్ష అయ్యాకే కదులుతుంది. అప్పటిదాకా బోర్డు మీద పాత పేరే కనిపించవచ్చు. సిటీ వైపు కొసన ఎర్ర దీపాలు ఆరి తెల్ల దీపం వెలిగిందంటే డ్రైవరు ఎక్కినట్టే. అందుకే మీరు ఎక్కే బండి నంబరుతో పాటు, దానికి ముందు ఇటు వచ్చే బండి నంబరు కూడా ఎన్‌టీఈఎస్‌లో (బండి ఎక్కడుందో చూపే రైల్వే యాప్) చూడండి. మీ టైము దగ్గరపడ్డా అది ఇంకా కాచిగూడ దాటలేదంటే మీది టైముకు బయల్దేరదు. ఇంటి దగ్గరే ఇంకో కప్పు చాయ్ తాగొచ్చు.

నంబరు ఇంకో విధంగానూ పనికొస్తుంది. 47తో మొదలైతే ఎంఎంటీఎస్. 7తో మొదలైతే డెమూ (డీజిల్‌తో నడిచే ప్యాసింజరు బండి), అది మహబూబ్‌నగర్ దిక్కు ఊళ్లకు పోయేది కావచ్చు. కర్నూలు, బెంగళూరు వైపు ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఇవే పట్టాల మీద నడుస్తాయి. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ ఇక్కడ ఆగకుండా పోతుంది. దానికి దారి ఇవ్వడానికి లోకల్ బండి ఆగితే కంగారు పడొద్దు. ప్లాట్‌ఫారం అంచుకు మాత్రం దూరంగా ఉండాలి, పిల్లలుంటే మరీను.

ఇక్కడే బండి మొదలవుతుంది గనుక సీటుకు ఢోకా లేదు. పొద్దున సిటీకి పోయేటప్పుడు ఎండ కుడి పక్క పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ కుడి పక్కే. రెండు పూటలా ఎడమ కిటికీ పట్టుకోండి, ఎండాకాలంలో తేడా బాగా తెలుస్తుంది. యాకుత్‌పురా, మలక్‌పేటల్లో జనం నిండుతారు, కాచిగూడలో దిగేవాళ్లు లోపలికి పోకుండా తలుపుకు దగ్గరగానే కూర్చోవాలి. ఈ బండ్లలో మరుగుదొడ్డి ఉండదు. లింగంపల్లి దాకా పోయేవాళ్లు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, ఎక్కకముందే చూసుకోవాలి.

ఫోన్‌లో తీసుకునే కాగితం లేని టికెట్టు పట్టాల దగ్గరికొచ్చాక బుక్ కాదు. బయటే తీసుకోండి, లేదా స్టేషన్‌లో పెట్టిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. స్క్రీన్‌షాట్ చూపిస్తే చెల్లదు, యాప్‌లోనే తెరిచి చూపాలి. రోజూ పోయేవాళ్లకు పాసే దారి. మూడు నెలల పాసుకు నెల పాసు ధరకు 2.7 రెట్లే పడుతుంది. ఆడవాళ్లకు మాత్రం మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కాబట్టి డబ్బు కోసం రైలెక్కే అవసరం వాళ్లకు లేదు. ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట ట్రాఫిక్ తప్పించుకోవడానికే ఎక్కాలి. ఆ లెక్కన చూసినా రైలే మేలని నా అభిప్రాయం.

ఎయిర్‌పోర్టుకు దగ్గరి స్టేషన్ అని సామాన్లతో వచ్చేవాళ్లకు ఒక మాట: పట్టాలు టెర్మినల్ దాకా పోవు. ఇక్కడ దిగాక మళ్లీ కొన్ని కిలోమీటర్లు ఆటోలోనో క్యాబ్‌లోనో పోవాలి. పెద్ద పెట్టెలుంటే సిటీ నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోయే ఆర్టీసీ పుష్పక్ బస్సే ఎక్కండి. మెట్రో కావాల్సినవాళ్లు మలక్‌పేటలో దిగితే ఎల్బీనగర్–మియాపూర్ లైను పక్కనే ఉంటుంది.