వేస్ట్‌గేట్ ట్యూబు ఎక్కడ తగిలించాలి: ఆక్టేవియా ఆర్‌ఎస్‌తో ఆరేళ్లు

నా 1.8 టర్బో ఆక్టేవియా ఆర్‌ఎస్ కారులో వేస్ట్‌గేట్‌కు (ప్రెషర్ తగిలితే తెరుచుకుని, టర్బో మితిమీరి తిరగకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే తలుపుకు) ప్రెషర్ ఎక్కడినుంచి ఇవ్వాలన్న ఒక్క సంగతి మీద పోగొట్టుకున్నంత డబ్బు, నిద్ర నేను మరే భాగం మీదా పోగొట్టుకోలేదు.

ముందువైపు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన వేడిగాలిని చల్లార్చేది) పెట్టించిన తర్వాత, టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ మూతి దగ్గరి నిపుల్ నుంచే ప్రెషర్ తీసుకోవడంతో, 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కు చేరే బూస్ట్ (టర్బో పెంచే గాలి ప్రెషర్) 0.15 బార్ మేర తగ్గిపోయేది. ఇంటర్‌కూలర్‌లోనూ పైపుల్లోనూ పోయే ప్రెషర్ సంగతి వేస్ట్‌గేట్‌కు తెలిసే దారి లేదు. అందుకని ట్యూబును మానిఫోల్డ్‌కు మార్చాను. పెడల్ పూర్తిగా తొక్కితే గేజ్ ముల్లు 0.9 దగ్గర కదలకుండా నిలిచేది. ఇంతకు మించిన చోటు లేదని కనబడ్డవారికల్లా చెప్పాను.

ఏడాదిన్నర తర్వాత, ఏప్రిల్ ఎండలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద సగం పెడల్‌తో ఎక్కుతుండగా, టర్బో ఈల అంతకంతకూ కీచుగా మారి, టపాకాయ పేలినట్టు చప్పుడైంది. థ్రాటిల్ (మానిఫోల్డ్‌కు ముందు, పెడల్ తొక్కితే తెరుచుకునే తలుపు) ముందరి సిలికాన్ గొట్టం ఊడిపోయింది. సెన్సర్ కొలిచిన గాలి బయటికి పోతున్నా పెట్రోలు మాత్రం పాత లెక్క ప్రకారమే పడుతుండడంతో, నల్లటి పొగ కక్కి ఇంజన్ ఆగిపోయింది. గ్యారేజీలో క్లిప్పుది తప్పన్నారు. రెండు నెలల్లో మూడు రకాల క్లిప్పులు మార్చాను, గొట్టం మరో రెండుసార్లు ఊడింది.

చివరికి థ్రాటిల్‌కు ముందు ఇంకో గేజ్ పెట్టి చూస్తే, సగం పెడల్ మీద మానిఫోల్డ్‌లో 0.1 బార్ ఉండగా థ్రాటిల్ ముందు 1.2 పేరుకుని ఉంది. మానిఫోల్డ్ ప్రెషర్ మాత్రమే అందే వేస్ట్‌గేట్ తెరుచుకోనే లేదు. తలుపులు మూసిన గదిలో కూర్చున్నవాణ్ని బయట వాన పడుతోందా అని అడిగినట్టే నా ఏర్పాటు. పైగా గొట్టం ఊడిన క్షణంలో మానిఫోల్డ్‌కు ప్రెషరే అందదు కనుక, వేస్ట్‌గేట్ మూసుకుని ఉండి టర్బో అదుపు తప్పి తిరుగుతుంది.

మళ్లీ కంప్రెసర్ నిపుల్‌కే వచ్చి నాలుగున్నరేళ్లయింది. ఆ తర్వాత గొట్టం ఒక్కసారీ ఊడలేదు. అయితే ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర బూస్ట్ తగ్గడం అలాగే ఉంది, టర్బో వేడికి రబ్బరు ట్యూబు ఒకసారి పగిలి బూస్ట్ హద్దు దాటింది కూడా. ఇప్పుడు సిలికాన్ ట్యూబు వాడుతూ ఏటా మారుస్తున్నాను.

నాది హైదరాబాద్ ట్రాఫిక్, ఘాట్ రోడ్లు. అంటే ఎప్పుడూ సగం పెడలే. ట్రాక్ మీద నడిపేవారి లెక్క వేరు కావచ్చు. వారినైనా ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కు ముందు ఉన్న పైపుకే నిపుల్ వెల్డింగ్ చేయించుకోమంటాను. నేను చేయించలేదు, నా పైపు అల్యూమినియం, మా చుట్టుపక్కల దాన్ని శుభ్రంగా అతికేవారు నాకు దొరకలేదు.