తుప్పు రంగు వేసిన గార్డెన్ రైలు ట్రాక్ రెడీమేడ్‌గా కొనకండి, నేను మోసపోయా

పెరట్లో రైళ్ళు నడిపేవాళ్ళందరూ దయచేసి ఇది చదవండి. జీ స్కేల్ (పెరట్లో నడిపే పెద్ద సైజు మోడల్ రైళ్ళ) ఇత్తడి ట్రాక్‌కి పాత పట్టాల్లా రంగు వేసి అమ్ముతున్నాడు కదా, ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. అతని దగ్గర 30 సెంటీమీటర్ల ముక్కలు 40 కొన్నా. 500 డాలర్లు పోయాయి. రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

మాది డాలస్. మా నాన్న డోర్నకల్ వైపు రైల్వేలో కీమాన్‌గా, అంటే పట్టాలు చూసుకునే పని చేసి రిటైరయ్యారు, మొదటిసారి మా ఇంటికి వస్తున్నారని ఆయన వచ్చేలోపు లైన్ వేసేయాలనుకున్నా. కొత్త ఇత్తడి పసుప్పచ్చగా మెరుస్తుంది, బయట ఎండకీ వానకీ వదిలేస్తే కొన్ని నెలలకి దానంతటదే గోధుమరంగుకి తిరుగుతుంది, ఈ సంగతి తెలిసి కూడా తొందరపడ్డా, తప్పు నాదే.

పార్సిల్ విప్పితే అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది. కంకర పోసి, లెవెల్ చూసుకుని, రెండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని పరిచా. నాన్న వచ్చిన సాయంత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి కంట్రోలర్ తిప్పితే ఇంజన్ కదల్లేదు. నాన్న వంగి పట్టా మీద వేలితో రాసి చూసి, "ఒరేయ్, తుప్పు పక్కలకుండాలి, చక్రం దొర్లే తల మెరవాలి. తల మీద కూడా తుప్పుందంటే ఆ లైన్లో బండి తిరగట్లేదని అర్థం" అన్నారు. ఒక్క చూపులో పట్టేశారు. నేను రెండు రోజులు చేత్తో పట్టుకుని కూడా చూసుకోలేదు.

కరెంటు చూసే మీటర్ పెడితే రీడింగే లేదు. పక్కలతో పాటు తల మీద కూడా పెయింట్ కొట్టి, దాని మీద లాకర్ (వార్నిష్ లాంటి పూత) కొట్టాడు, ముక్కల్ని కలిపే జాయినర్ల లోపల కూడా అదే. పట్టాలోంచి చక్రాలకి కరెంటు రావాల్సిన ట్రాక్ అది!

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "పాతదిలా కనబడుతుందన్నానండీ, నడుస్తుందని ఎక్కడైనా రాశానా? బ్యాటరీ ఇంజన్ కొనుక్కోండి." నేను మా నాన్న వచ్చారండీ, కనీసం సగమైనా వెనక్కివ్వండి అని బతిమాలుతుంటే మధ్యలో పెట్టేశాడు. తర్వాత బ్లాక్ చేశాడు. డబ్బు కంటే ఆ ఫోన్ పెట్టేయడమే ఎక్కువ మండుతోంది నాకు, పక్కనే నాన్న వింటున్నారు.

ఎమెరీ పేపర్‌తో తల మీద గీకుతుంటే ఇత్తడి బయటపడుతోంది, కానీ పక్కల రంగు కూడా పొరలు పొరలుగా లేచిపోతోంది, నూనె జిడ్డు తుడవకుండానే కొట్టినట్టున్నాడు. కార్డు వాళ్ళకి కంప్లయింట్ పెట్టా.

కొనాల్సి వస్తే మీటర్ పెట్టి చూపించే వీడియో అడగండి. అసలు మామూలు ట్రాక్ కొని మీరే చేసుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా తుడిచి, జాయినర్లకీ పట్టా చివర్లకీ టేపు వేసి, పక్కలకి మాత్రం బ్రష్‌తో బ్రౌన్ రంగు వేసి, తల మీద పడింది ఆరకముందే గుడ్డతో తీసేయండి. పట్టాల కింద ఉండే ప్లాస్టిక్ స్లీపర్లకి బూడిదరంగు యాక్రిలిక్, బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి, అలా పైపైన రుద్దితే చెక్క గీతలు తేలతాయి.

ఇప్పుడు నాన్న గరాజ్‌లో కూర్చుని జాయినర్లు ఒక్కొక్కటీ గీకుతున్నారు, వద్దన్నా వినట్లేదు. శనివారం ఆయన ఫ్లైట్. ఈలోపు ఒక్క రౌండైనా తిప్పి చూపించాలి.