ముందు శిక్షణా, ముందు పనా: ఏది మేలు?

స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధి నుంచి కోలుకుంటున్న యువకుణ్ణి మళ్లీ పనిలోకి తేవడానికి ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా సాయపడే చికిత్సలో, రెండు దారులున్నాయి. డే కేర్ కేంద్రంలో కొన్నాళ్లు కాగితం కవర్లు గాని కొవ్వొత్తులు గాని తయారుచేయించి, కుదురుకున్నాడని నమ్మకం కలిగాక బయటికి పంపడం ఒకటి. పని చేస్తానన్న వెంటనే జీతమొచ్చే పనుల్లో అతడు కోరుకున్నదానిలో చేర్చి, మెలకువలు అక్కడే నేర్పుతూ, చికిత్స బృందం గడువు లేకుండా వెన్నంటి ఉండడం రెండోది. దీన్ని ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) పద్ధతి అంటారు.

మన గోదావరి డెల్టాలో తల్లిదండ్రులు సాధారణంగా మొదటి దారికే మొగ్గుతారు. 'ఇప్పుడే పనిలో పెడితే మళ్లీ తిరగబెడుతుందేమోనండీ' అన్న భయం సహజమే గాని, పరిశోధన దాన్ని బలపరచడం లేదు. లండన్, జ్యూరిక్, సోఫియా సహా ఆరు యూరప్ కేంద్రాల్లో 312 మందిని రెండు పద్ధతులకూ పంచి 18 నెలలు గమనించిన అధ్యయనాన్ని లాన్సెట్ పత్రిక 2007లో ప్రచురించింది. కనీసం ఒక్కరోజైనా పనిచేసినవారు ఐపీఎస్‌లో 55 శాతం, శిక్షణ మార్గంలో 28 శాతం. మధ్యలో మానేసినవారు ఐపీఎస్‌లో 13 శాతమైతే, శిక్షణలో 45 శాతం. తల్లిదండ్రుల భయానికి నేరుగా జవాబిచ్చే అంకె మరొకటుంది: మళ్లీ ఆస్పత్రిలో చేరినవారు ఐపీఎస్‌లో 20 శాతం, శిక్షణలో 31 శాతం.

నా మొగ్గు రెండో దారికే. అయితే ఆ ప్రాంతపు నిరుద్యోగాన్ని బట్టి ఫలితం చాలావరకు మారిందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది కాబట్టి, ఈ శాతాలను యథాతథంగా ఇక్కడ ఆశించకూడదు. కడియం నర్సరీల్లో ఏడాది పొడవునా ఏదో ఒక పని ఉంటుంది. ఊడ్పులూ కోతలే ఆధారమైన ఊళ్లో సార్వాకూ దాళ్వాకూ మధ్య మంచి ఆరోగ్యవంతుడికే పని దొరకదు.

నర్సరీలో మొక్కల కవర్లకు మట్టి నింపే పనినే తీసుకుందాం. రాత్రి మాత్రల మత్తు వదలక అతడు పొద్దున్నే రాలేకపోవచ్చు. మట్టి, ఇసుక, ఎరువు పాళ్లు కలిపేటప్పుడు వరుస మరచిపోవచ్చు. థెరపిస్టు అతని అనుమతితోనే యజమానికి విషయం చెప్పి, పది గంటలకు వచ్చే ఏర్పాటు చేయించి, మట్టి కలపడం వేరొకరికి అప్పగించి, నింపి పేర్చే పని ఇతనికి ఇప్పించి, మాత్రల వేళ గురించి డాక్టరుతో మాట్లాడాలి. కొవ్వొత్తుల గదిలో ఎన్ని నెలలు కూర్చోబెట్టినా ఈ చిక్కులు బయటపడవు. మొదటి దారిలోని అసలు లోపం ఇదే.

ఆ వెన్నంటి ఉండే మనిషి ఎవరన్నది కఠినమైన ప్రశ్న. పనిలో పెట్టి వదిలేస్తే అది ఐపీఎస్ కానే కాదు. అంతకంటే మంచి డే కేర్ కేంద్రమే నయం. గోవా, మహారాష్ట్ర, తమిళనాడుల్లో 282 మందిపై జరిగి 2014లో వెలువడిన అధ్యయనం ఇక్కడ కొంత ధైర్యమిస్తుంది. ఆస్పత్రి వైద్యానికి తోడు, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తల సాయం ఇంటి దగ్గరే అందినవారిలో వ్యాధి లక్షణాలు, వైకల్యం మరికాస్త తగ్గాయి. మేలు కొద్దిపాటిదే గాని, మన పరిస్థితులకు దగ్గరి సాక్ష్యమిది.

నరసాపురం వైపు ఇంట్లోనే లేసు అల్లే స్త్రీ విషయంలో మాత్రం ఐపీఎస్ అంకెలు పెద్దగా అక్కరకు రావు, ఎందుకంటే అవి బయటి ఉద్యోగాలను లెక్కించినవి. అక్కడ కెనడాలో రూపొందిన సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్) కొలమానం ఉపయోగపడుతుంది. తనకు ముఖ్యమైన పనులేవో ఆమే ఎంచుకుని, ఎంత బాగా చేయగలుగుతోందో, ఎంత తృప్తిగా ఉందో ఒకటి నుంచి పది వరకు అంకెలు వేస్తుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ వేయించినప్పుడు రెండు అంకెలైనా పెరిగితే చెప్పుకోదగ్గ మార్పుగా చూస్తారు. పెరగకపోతే లేసు పనినో, వేళలనో, సాయం చేసే తీరునో ఆమెతో మాట్లాడి మార్చాలి.