మూడో వంతు గళ్లు, శుభలేఖ అట్ట, ఖాళీ జాగా: చాలాకాలం వాడి చూశాక

కెమెరా కొనే ముందు దాని మీద దొరికిన సమీక్షలన్నీ చదువుతాం. ఆ కెమెరాతో ఫ్రేము ఎలా కట్టుకోవాలో చెప్పే సూత్రాలను మాత్రం ఎవరూ సమీక్షించరు. మూడో వంతు నియమం, దారి చూపే గీతలు, ఫ్రేములో ఫ్రేము అని మంత్రాల్లా అప్పజెప్పి వదిలేస్తారు. చిత్రకళ నుంచి వచ్చిన ఈ సూత్రాలను నేను కొన్నేళ్లుగా ఒక మామూలు ఏపీఎస్‌-సీ (వెలుగును పట్టే సెన్సరు పలక మధ్యరకం సైజులో ఉండే) కెమెరా మీద, 50 ఎంఎం లెన్సుతో వాడుతున్నాను. ఫోనులోనూ అవే. వాటిలో ఏవి నిలిచాయో, ఏవి అటకెక్కాయో చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ ప్రచారం ఉన్నదే నాకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చింది.

అది మూడో వంతు నియమం. తెర మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు గీస్తే తొమ్మిది గళ్లవుతాయి. గీతలు కలుసుకునే నాలుగు చోట్లలో ఒకచోట అసలు విషయాన్ని పెట్టమంటారు. ఈ పేరు 1797 నాటిది. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు పల్లె దృశ్యాల గురించి రాస్తూ వాడాడు. ఆయన దృష్టంతా నిష్పత్తి మీద ఉంది: వెలుగెంత, నీడెంత, నేలకెంత, ఆకాశానికెంత. చెరిసగం పంచితే చూసేవాడికి దేన్ని చూడాలో తోచదు కాబట్టి ఒకదానికి రెండు వంతులు ఇచ్చేయమన్నాడు. ఈ భాగం నాకు ఇప్పటికీ పనికొస్తోంది. విశాఖ తీరంలో వానకాలపు మబ్బులు కమ్మితే ఆకాశానికి రెండు వంతులు. ఎండ మండి ఆకాశం తెల్లగా పాలిపోతే తడి ఇసుకకు రెండు వంతులు, ఆకాశానికి సన్నని పట్టీ.

నాలుగు బిందువుల సంగతి వేరు. తల ఎక్కడ ఉండాలో గళ్లు చెబుతాయి. ఆ తల వెనకే కరెంటు స్తంభం మొలిచి ఉందన్న సంగతి వాటికి పట్టదు. పైగా కెమెరాలో 3:2 నిష్పత్తిలో కొలిచి పెట్టినదాన్ని ఇన్‌స్టాగ్రామ్ కోసం నిలువుగా 4:5కు కోశామంటే, అంత శ్రద్ధగా కుదిర్చిన బిందువు ఎక్కడికో జరిగిపోతుంది. గళ్లను నమ్ముకుని తీసిన ఫొటోలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండటం మరో ఇబ్బంది.

మరి నిలిచింది ఏది అంటే, వెనక ఉన్నదాని నుంచి బొమ్మను విడదీయడం. ఇది నాకు ఫొటోగ్రఫీ పాఠాల్లో కాదు, చేర్యాల నకాషీ పటాల్లో అర్థమైంది. ఆ పటంలో నేపథ్యం ఎర్రగా ఉంటుంది. దాని మీద పసుపు, నీలం ఒంటి రంగులతో ఒక్కో మనిషి, ఒక్కో గుర్రం విడివిడిగా కనిపిస్తాయి. పటం చూపిస్తూ కథ చెప్పేటప్పుడు వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలియాలి కదా. శ్రీకాళహస్తి కలంకారీలో ఆ పని నల్లగీత చేస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపుతో అంచు గీస్తారు. ఆ గీత లోపల బొమ్మ, బయట నేపథ్యం. సందేహానికి తావు లేదు.

కెమెరా అంచు గీయదు. కాబట్టి ఆ పని కాళ్లు చేయాలి. తాటిచెట్టెక్కుతున్న గీత కార్మికుణ్ణి సాయంత్రం వెలుగుకు ఎదురుగా తీస్తున్నామనుకోండి. మనిషీ మానూ రెండూ నల్లని నీడలే. మోచేయి మాను మీదికి వచ్చిన క్షణాన మనిషి మాయమవుతాడు, చెట్టుకు బొడిపె వచ్చినట్టు కనిపిస్తుంది. అడుగు పక్కకు జరిగి, మోచేతికీ మానుకూ మధ్య కాస్త ఆకాశం కనిపించేదాకా ఆగితే మనిషి మనిషిగా వస్తాడు. గుంజీలు తీసినట్టు లేవడం, కూర్చోవడం కూడా ఇందులో భాగమే. కింద కూర్చుంటే నేపథ్యం ఆకాశమవుతుంది, మెట్టెక్కితే నేల అవుతుంది. ఎఫ్‌/1.8 (లెన్సు కన్నం బాగా తెరిచిన స్థితి) దగ్గర వెనకదంతా మసకబారుతుంది కాబట్టి ఈ బాధ ఉండదని లెన్సు కొన్న కొత్తలో అందరూ అంటారు. మసకబారినా తెల్లని బ్యానరు తెల్లని మచ్చగానే మిగులుతుంది, కన్ను అక్కడికే పోతుంది.

ఈ విడదీతను పరీక్షించడానికి నేను వాడే పద్ధతికి మూలం పాతకాలపు పెద్ద కెమెరాల్లో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) నాటి గాజుపలకల కెమెరాల్లో, వెనక ఉండే గరుకు గాజు మీద దృశ్యం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై పడేది. నల్లగుడ్డ కప్పుకుని దాన్ని చూసే మనిషికి ప్యాలెస్ ప్యాలెస్‌లా కనిపించదు. బరువైన నలుపులు, ఖాళీ తెలుపులు, కొన్ని ఏటవాలు గీతలుగా కనిపిస్తుంది. ఆ సౌకర్యం (అవును, సౌకర్యమే) ఇప్పటి కెమెరాల్లో లేదు. అందుకే తీసిన ఫొటోను ఫోనులో తలకిందులుగా తిప్పి చూస్తాను. మూలన సగం తెగిన చెప్పు, అంచున తోసుకొచ్చిన ఎవరిదో బండి హ్యాండిలు అప్పుడే బయటపడతాయి. నిటారుగా చూసినప్పుడు మనసు మొహం మీదే ఉంటుంది. తిప్పితే మొహానికి ఆ అధికారం పోతుంది. ఒక్క పైసా ఖర్చు లేదు. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా మంచి పరికరం.

రెండోది శుభలేఖ అట్ట. మన ఇళ్లలో దానికి కొరత ఉండదు. ఏదైనా మందపాటి శుభలేఖలో 72 మిల్లీమీటర్ల వెడల్పు, 48 మిల్లీమీటర్ల ఎత్తుతో రంధ్రం కోయండి. ఒక కన్ను మూసి, తెరిచిన కంటికి 15 సెంటీమీటర్ల దూరంలో అట్టను పట్టుకుంటే ఏపీఎస్‌-సీ కెమెరాకు తగిలించిన 50 ఎంఎం లెన్సు ఎంత చూస్తుందో దాదాపు అంతే కనిపిస్తుంది. లెక్క సులువే: సెన్సరు సుమారు 24 × 16 మిల్లీమీటర్లు, రంధ్రం దానికి మూడు రెట్లు, దూరం కూడా 50కి మూడు రెట్లు. కళ్లకు దగ్గరగా తెస్తే వెడల్పు లెన్సు, దూరం జరిపితే దూరపు వాటిని దగ్గర చేసే టెలీ లెన్సు. నలుగురిలో కాస్త నవ్వులాటగా ఉంటుంది, అంతే. దీనివల్ల కలిగిన మార్పేమిటంటే, కెమెరా పైకి లేవకముందే అంచులు కనిపించడం మొదలయ్యాయి. ఏది లోపల, ఏది బయట అన్నది ముందే తేలిపోతుంది.

దారి చూపే గీతల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రాజమహేంద్రవరంలో గోదావరి మీది ఆర్చి వంతెనకు ఒక్కొక్కటి సుమారు 97 మీటర్ల పొడవుతో 28 విల్లులు. గట్టు మీద నుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి చిన్నదవుతూ పోతాయి. గీత, లయ, దూరం అన్నీ అయాచితంగా దొరుకుతాయి. అయితే ఆ గీత వెంట పోయిన కంటికి చివర ఏమీ లేకపోతే ఆ ఫొటో పోస్టుకార్డు మాత్రమే. ఒక పడవ వచ్చి వరుస లయను ఎక్కడో చెడగొట్టేదాకా కాచుకోవాలి.

ఫ్రేములో ఫ్రేమును నేను దాదాపు మానేశాను. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తోరణం లోంచి తోరణం తీయనివారు హైదరాబాదులో ఉంటారా? లోపల చీకటి, బయట ఎండ. ఎక్స్‌పోజర్ బయటి వెలుగుకు సరిచేస్తే తోరణం నల్లని చట్రమవుతుంది, అది బాగానే ఉంటుంది. సౌష్ఠవం కోసం అక్కడికి వెళ్లేవారికి మాత్రం ఒక సలహా: తొమ్మిది గళ్ల గీతలను తీసేసి, మధ్య గీత ఉండే రకాన్ని పెట్టుకోండి. సరిసమానంగా నిలబడాల్సిన చోట తొమ్మిది గళ్లలో లేనిది ఆ మధ్య గీతే. అరడుగు పక్కన నిలబడినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రంగుల చక్రం మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, ఒక హెచ్చరికతో. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, నారింజకు ఎదురు నీలం; పక్కపక్కన పెడితే రెండూ మండుతాయి. గుంటూరు వైపు కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషి ఆ ఎరుపు మధ్యకు వస్తే ఇక మనం చేసేదేమీ ఉండదు. ఫోను తనంతట తానే రంగులు పెంచుతుంది కాబట్టి అక్కడ కాస్త తగ్గించుకోవాలి, లేకపోతే మిరపకాయల మడతలన్నీ పోయి ఎర్రని ముద్ద మిగులుతుంది. హెచ్చరిక ఇది: వెలుగునీడలు తెలుస్తాయని చాలామంది కెమెరా తెరను నలుపు తెలుపులో పెట్టుకోమంటారు, నేనూ పెట్టుకుంటాను. కానీ వరిచేలో ఎర్రచీర రంగుల్లో దూరం నుంచే పిలుస్తుంది. నలుపు తెలుపులో అదే చీర, అదే పైరు తరచూ ఒకే బూడిద రంగులోకి దిగి కలిసిపోతాయి. నలుపు తెలుపే కావాలంటే కెమెరా మెనూలోని ఎర్ర ఫిల్టరు పెడితే చీర తెల్లబడి పైరు నల్లబడుతుంది. రంగుల ఫొటోకు నలుపు తెలుపు తెర చెప్పిన తీర్పును గుడ్డిగా నమ్మకూడదు.

ఖాళీ జాగాకు నేను ఆలస్యంగా అలవాటు పడ్డాను. పులికాట్ సరస్సులో చలికాలం రాజహంసలు దిగినప్పుడు 50 ఎంఎంతో వాటిని దగ్గరగా తీయడం కుదిరే పని కాదు. నీళ్లన్నీ, ఆకాశమంతా ఉంచేసి, అడుగున గులాబీ చుక్కల వరుసగా పక్షుల్ని పెట్టడమే దారి. ఫోను తెర మీద ఆ ఫొటో చూసినవారు పక్షులు ఎక్కడ అని అడుగుతారు. అదే పన్నెండు అంగుళాల వెడల్పున అచ్చు వేయిస్తే ఎవరూ అడగరు. ఖాళీ జాగా ఎంత ఉంచాలన్నది చివరికి ఎంత సైజులో చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుందని ఈ సూత్రం నేర్పేవారు చెప్పగా నేను వినలేదు.

వేగంగా కదిలే పిల్లలు, పెళ్లిళ్లు వచ్చేసరికి వీటిలో చాలావరకు చేతులెత్తేస్తాయి. పెళ్లిలో తీసి తిప్పి చూసే తీరిక ఉండదు, అట్ట పట్టుకుంటే నవ్వుతారు, వీడియో వారి లైటు ఎటు తిరిగితే అటే వెలుగు. అక్కడ నన్ను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: తల వెనక ఏముంది? చాలాసార్లు వధూవరుల పేర్లతో థర్మాకోల్ అక్షరాలు ఉంటాయి, అందులో ఏదో ఒకటి పెళ్లికూతురి పాపిట్లోంచి మొలుస్తుంది. రెండడుగులు జరిగే చోటుంటే జరుగుతాను. లేకపోతే కెమెరా పట్టుకుని భోజనాల హాలుకు పోతాను. అక్కడ గోడలకు అలంకరణ ఉండదు.