కూల్‌సెల్: ఆల్కహాల్ గొడవ తీరింది, అసలు తంటా ఆ తర్వాతే

మెసెంకైమల్ మూలకణాలను (ఎముక మజ్జ, కొవ్వు వంటివాటి నుంచి తీసే మూలకణాలు) వయల్స్‌లో, అంటే మూతున్న చిన్న గొట్టాల్లో, ఫ్రీజ్ చేసే చిన్న ల్యాబుకు కార్నింగ్ వారి కూల్‌సెల్ చాలు. 12 వయల్స్ పట్టే ఫోమ్ డబ్బా, లోపల ఓ రింగు, అంతే. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే వయల్స్ నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబడతాయి. అంతకన్నా వేగమైతే కణంలోని నీరు బయటికి పోయేలోపే లోపలే మంచై పొరను చీలుస్తుంది. మరీ నెమ్మదైతే చుట్టూ చిక్కబడ్డ ఉప్పుద్రావణంలో నాని కణం పాడవుతుంది.

ఇదే పనికి వాడే పాత డబ్బా మిస్టర్ ఫ్రాస్టీలో 18 వయల్స్ పడతాయి గానీ, 250 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోయాలి, ఐదుసార్లు వాడాక మార్చాలి. ఆ లెక్క రాసిపెట్టే ల్యాబులు ఎన్నుంటాయి చెప్పండి? ఈ ఒక్క కారణానికే కూల్‌సెల్ మేలు.

10 శాతం డీఎంఎస్‌ఓ (మంచు దెబ్బ నుంచి కణాలను కాపాడే రసాయనం) ద్రావణంలో మి.లీ.కి 10 లక్షల కణాలు, వయల్‌కు 1 మి.లీ. కలిపాక బెంచి మీద తాత్సారం వద్దు, గది వేడిలో డీఎంఎస్‌ఓ కణాలకు విషమే. ఖాళీ గుంతల్లో అంతే ద్రావణముండి కణాలు లేని డమ్మీ వయల్స్ పెట్టాలి. డబ్బా చుట్టూ అంగుళం ఖాళీ వదిలి, 4 గంటలు ఉంచాలి. రెండో బ్యాచ్‌కు ముందు రింగు బయటికి తీసి గది వేడికి రానివ్వాలి. చల్లటి డబ్బాలో పెడితే మొదట్లోనే వేగం తప్పుతుంది.

డబ్బా పని అక్కడితో సరి. ఆ వయల్స్‌ను మైనస్ 80లోనే నెలల తరబడి వదిలేస్తే మాత్రం చేసిందంతా వృథా. ఆ చలిలోనూ చిన్న మంచు పలుకులు కలిసి పెద్దవవుతూనే ఉంటాయి. డ్రై ఐస్ మీద లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకుకు మార్చి, ద్రవానికి పైనుండే ఆవిరి భాగంలో మైనస్ 135 కంటే దిగువన ఉంచాలి. ఒక వయల్ కోసం ర్యాక్ పైకి లాగినప్పుడల్లా పక్కవన్నీ కాస్త వేడెక్కుతాయి.

కరిగించడం 37 డిగ్రీల్లో, రవ్వంత మంచు మిగిలేదాకా. తర్వాత 10 రెట్లు మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) చుక్కచుక్కగా కలపాలి. అప్పటికప్పుడు ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలిరంగు) లెక్కలో బతికినవి 90 శాతం దాటాయని మురిసిపోవద్దు. ఫ్రీజింగ్ దెబ్బకు అపోప్టోసిస్ (కణం తనను తానే చంపుకోవడం) మొదలైన కణాలు మర్నాటికి గానీ రాలవు. 24 గంటల తర్వాత మళ్లీ లెక్కించాలి. బతికినవాటిలోనూ రోగనిరోధక చర్యను అణిచే శక్తి కొంత తగ్గొచ్చు, ఒక రోజు కల్చర్‌లో (మీడియంలో పెంచుతూ) ఉంచితే చాలావరకు తేరుకుంటుంది.

రోగికి ఎక్కించే కణాల బ్యాగులు కూల్‌సెల్‌లో పట్టవు, ఉష్ణోగ్రత రికార్డూ రాదు. ఆ పనికి చల్లబడే వేగాన్ని యంత్రమే అదుపు చేసే కంట్రోల్డ్ రేట్ ఫ్రీజర్ కొనాల్సిందే.